అయిదో ఉత్తరం

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి వడ్రంగి సంచీ భుజాన వేసుకుని మఠం వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. వంటమ్మ క్యారెట్ల చెక్కు తీస్తోంది. వడ్రంగి నేరుగా వడ్డన కిటికీ దగ్గరికి పోయి టేపు సాగదీశాడు.

ఆ కిటికీ వంటింటికీ భోజనశాలకూ మధ్య గోడలో ఉంది. దానికి ఎప్పుడూ తలుపన్నది లేదు. కూరగిన్నెలు దాంట్లోంచే అటు పోయేవి, ఎంగిలి పళ్ళేలు దాంట్లోంచే ఇటు వచ్చేవి. భోజనాల వేళ సిస్టర్లు వినే పుస్తకాలు కూడా ఇరవై రెండేళ్ళుగా దాంట్లోంచే వచ్చి వంటమ్మ చెవిన పడేవి. అక్కడ మధ్యాహ్నం తినేటప్పుడు ఎవరూ మాట్లాడరు. ఒక సిస్టరు మూలనున్న ఎత్తుబల్ల దగ్గర నిలబడి పెద్దగా చదువుతుంది, మిగతా పద్దెనిమిది మందీ తింటూ వింటారు. ఎప్పటెప్పటి భక్తులో, వేదాంత పండితులో రాసినవి. ప్రార్థన గురించి, కోపం గురించి, చావు గురించి. వంటమ్మకు కొన్ని అర్థమయ్యేవి, కొన్ని నెత్తి మీదుగా పోయేవి. అర్థం కానివాటిని కూడా ఆమె ఊరికే వదిలేది కాదు. గిన్నెలు తోముతూ రెండు రోజులు నమిలేది.

"ఏం చేస్తున్నావు నాయనా?" అంది చెక్కు తీయడం ఆపకుండా.

"తలుపు పెడుతున్నానండీ. పక్కకి జరిపేది. వడ్డన అయిపోయాక మూసేసుకోవచ్చు."

"ఎవరు పెట్టమన్నారు?"

"మదర్ గారు. మీ గిన్నెల చప్పుడు అటు వినపడకూడదట. బొటనవేలంత మందం చెక్క వేయమన్నారు. ఇది బిగించానంటే ఇక్కడ పిడుగు పడినా అటు తెలీదు."

"మరి అటు పడ్డ పిడుగు?"

వడ్రంగి నవ్వాడు. "అదీ ఇటు తెలీదు."

వంటమ్మ నవ్వలేదు. చేతిలో క్యారెట్టును వేలంత సన్నమయ్యేదాకా గీకుతూనే ఉంది.

మదర్ అంటే ఆ మఠానికి పెద్ద. వచ్చి నాలుగు నెలలయింది. వచ్చిన వారంలోనే భోజనశాల గోడకు ఒక కాగితం అంటించింది: ఈ ఏడాది చదవవలసిన పన్నెండు పుస్తకాలు, నెలకొకటి, పక్కన వాటిని రాసిన మహానుభావుల పేర్లు. ఇంత మంచి ఎంపిక తామెన్నడూ చూడలేదని సిస్టర్లంతా మెచ్చుకున్నారు. ఈ నెల పుస్తకం చిన్నది. వెయ్యేళ్ళ కింద కొండగుహలో ఒంటరిగా బతికిన ఒక సన్యాసి తన చెల్లెలికి రాసిన ఏడు ఉత్తరాలు. సోమవారం నాలుగోది చదివారు. అందులో చెల్లెలు ఆయన్ని అడిగిందట: 'నాకు కీడు చేసినవాళ్ళు నన్ను క్షమించమని అడగలేదు. అడగనివాళ్ళకి ఎలా ఇవ్వను?' దానికి ఆ సన్యాసి, 'చెల్లీ, పెద్ద ప్రశ్నే వేశావు. నా దగ్గర కొవ్వొత్తి అయిపోయింది, రేపు రాస్తాను' అని ఊరుకున్నాడు. వంటమ్మ గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. వెయ్యేళ్ళ నాటి కొవ్వొత్తి మీద ఆమెకు నిజంగా కోపం వచ్చింది.

ఆ సాయంత్రమే ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, అమ్మకి శుక్రవారం ఆపరేషను. కడుపులో గడ్డ ఉందన్నారు. పెద్దాసుపత్రిలో, మూడో అంతస్తు."

"మీ అమ్మ చెప్పమందా?"

"లేదు పెద్దమ్మా. నేనే చేస్తున్నా."

"సరే, విన్నానుగా" అని పెట్టేసింది వంటమ్మ.

మంగళవారం మధ్యాహ్నం వడ్డన అయ్యీ కాగానే తలుపు జరిగింది. అవతల ఉత్తరం మొదలైందని తెలుస్తూనే ఉంది, కానీ మాట లేదు, తేనెపట్టు దగ్గర రొదలా ఒక మూలుగు తప్ప. వంటమ్మ చెక్కకు చెవి ఆనించింది. తర్వాత స్టీలు గ్లాసు తెచ్చి బోర్లించి, దానికి చెవి ఆనించింది. మూలుగు కాస్త గట్టిపడిందంతే. చివరికి చిన్న గంట మోగింది, కుర్చీలు జరిగాయి. అయిదో ఉత్తరం అయిపోయింది.

గ్లాసు కడిగి బోర్లిస్తూ, "ఆ ఉత్తరం వినకుండా శుక్రవారం రానిస్తే చూడు" అని తనకు తానే చెప్పుకుంది.

బుధవారం పొద్దున వసారాలో మదర్ ముందు నడుస్తోంది, చేతిలో తాళాల గుత్తి. వంటమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని వెనక నుంచి పిలిచింది.

"మదర్ గారూ, ఒక్క మాటండీ."

మదర్ ఆగలేదు.

"మదర్ గారూ! ఆ తలుపు సంగతి..."

మదర్ అదే నడకతో మూల తిరిగి వెళ్ళిపోయింది. మూడు అడుగుల దూరం కూడా లేదు. వంటమ్మ మొహం మంట పెట్టినట్టయింది. వంటమనిషి పిలిస్తే తిరిగి చూడాలా అనుకుంది కాబోలు. ఎవరి ఉప్పు ఎవరు తింటున్నారట? ఇరవై రెండేళ్ళుగా వీళ్ళే కదా నా ఉప్పు తింటున్నది!

మధ్యాహ్నం మూడింటికి భోజనశాల ఖాళీగా ఉంటుంది. వంటమ్మ చెప్పులు వంటింట్లోనే విడిచి లోపలికి వెళ్ళింది. ఎత్తుబల్ల మీద పుస్తకం ఉంది, నల్ల అట్ట, మూలలు అరిగిపోయి. ఆమెకు అక్షరాలు వచ్చు. బస్సు బోర్డులు, మందుసీసాల పేర్లు, పిండిసంచుల మీద రాతలు చదువుతుంది. కానీ ఇవి ఆవగింజల్లాంటి అక్షరాలు, పైగా ఒకదాని కింద ఒకటి వేలాడే ఒత్తులు. పేజీలు తిప్పి తిప్పి 'అయిదు' అన్న అంకె పట్టుకుంది. దాని కింద వేలు పెట్టింది.

"నీ... గు... గుమ్... గుమ్మం... దా... కా..."

చెమట ముక్కు మీదనుంచి కాగితం మీద పడబోతే కొంగు అడ్డం పెట్టింది. అరగంటకు రెండు వరుసలు అయ్యాయి. రెండో వరుస చివరికి వచ్చేసరికి మొదటి వరుసలో ఏముందో మర్చిపోయింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"ఎవరది?"

చదివే సిస్టరు గుమ్మంలో నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళ మనిషి, మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉంది.

వంటమ్మ వేలు తీయలేదు. తీస్తే వరుస పోతుంది. "నేనేనమ్మా. దొంగతనం కాదు. ఈ ఒక్క ఉత్తరం చదువుకుందామని."

"ఈ పుస్తకాలు ఇక్కడివాళ్ళకేనమ్మా. మదర్ చెప్పకుండా బయటివాళ్ళు ముట్టుకోకూడదు."

"అయితే నువ్వు ముట్టుకో. నువ్వే చదివి పెట్టు. నాలుగు పేజీలేగా."

సిస్టరు గొంతు పట్టుకుని దగ్గింది. "నాకు గొంతెక్కడుంది? రోజూ చించుకుని చదువుతున్నా, అయినా గొణుగుతున్నావంటారు మదర్. నిన్న మళ్ళీ అన్నారు. పిల్లిలా చదువుతానట. ఇంకా ఈ పని కూడా చేశానని తెలిస్తే..." కళ్ళు తుడుచుకుంది. "నన్ను అడక్కు. ఆవిడనే అడుగు."

"అడిగాను. గోడనడిగినా పలికేది."

సిస్టరు పుస్తకం మూసి, అట్ట మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. వంటమ్మ పొయ్యి దగ్గరికి తిరిగొచ్చింది.

అయిదు గంటలకు మదర్ తానే వంటింట్లోకి వచ్చింది. అప్పటికి వంటమ్మ రెండు శేర్ల ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది. కళ్ళకు ఘాటు తగలకుండా ఏమీ చేయలేకపోయినా, ముక్కుకూ నోటికీ తువ్వాలు చుట్టి వెనక ముడి వేసుకుంది. మదర్ సన్నగా, నిటారుగా ఉంటుంది. అరవై దాటినా వెన్ను వంగలేదు.

"భోజనశాలలోకి వెళ్ళావట" అంది.

"వెళ్ళానండీ" అంది వంటమ్మ తువ్వాలు లోంచే, ఉల్లిపాయ సగానికి కోస్తూ. "తలుపు మీరు పెట్టించుకున్నారు, మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ ఆ అయిదో ఉత్తరం నాకు వినిపించి తీరాలి."

మదర్ తలూపింది. "అవును, ఉత్తరం వైపు గోడ బాగా తడిసింది. మేస్త్రీకి కబురు పెట్టాను."

వంటమ్మ కత్తి ఆగింది. తలెత్తి చూసింది. వెక్కిరింపేమో అనుకుంది. మదర్ మొహంలో వెక్కిరింపు లేదు. ఆ కళ్ళు తన కళ్ళను చూడడం లేదు. తువ్వాలు మీద, సరిగ్గా నోరుండే చోట ఆగి, ఏదో వెతుక్కుంటున్నాయి.

పొద్దున వసారా గుర్తొచ్చింది. భోజనాల వేళ చదివే వాక్యం సగంలో ఉండగానే మదర్ గంట కొట్టి ఆపేసే అలవాటు గుర్తొచ్చింది. పిల్లిలా చదువుతోందని తిట్లు తిన్న సిస్టరు గుర్తొచ్చింది. వంటమ్మ వెనక్కి చెయ్యి పెట్టి తువ్వాలు ముడి విప్పింది. లేచి మదర్ ఎదురుగా, వెలుతురు తన మొహం మీద పడేలా నిలబడింది. మాట మాటకీ మధ్య ఆగుతూ చెప్పింది.

"మీకు వినపడట్లేదు కదండీ."

మదర్ వెంటనే తలుపు వైపు చూసింది, ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. నిటారుగా ఉండే ఆ మనిషి కూర్చోగానే గుప్పెడంత అయిపోయింది.

"కుడిచెవి పోయి రెండేళ్ళయింది" అంది. "ఎడమది సగం. గిన్నెలు మోగితే ఆ సగం కూడా కలగాపులగమైపోతుంది. అందుకే తలుపు."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే? వినపడని దాన్ని మదర్ గా ఉంచుతారా? అందరి మాటా వినడమే కదా ఈ పని." మదర్ తాళాల గుత్తిని ఒళ్ళో అటూ ఇటూ తిప్పింది. "గోడ మీద ఆ జాబితా చూశావుగా. గొప్ప ఎంపిక అంటారంతా. ఆ పన్నెండూ నాకు కంఠతా వచ్చిన పుస్తకాలు. నాకు ఇరవై ఏళ్ళ వయసప్పటి నుంచి చదువుతున్నవి. చదివాక ఎవరైనా నన్ను ప్రశ్న వేస్తే దొరికిపోకూడదని అవే పెట్టాను. మంచివని కాదు."

వంటమ్మ కాస్త ఆలోచించింది. "మంచివి కాకపోతే కంఠతా ఎందుకొస్తాయండీ?"

మదర్ ఆ పెదవులనే చూస్తూ, అర్థమయ్యాక, మొదటిసారి నవ్వింది. అది నవ్వో ఏడుపో తేల్చుకోవడం కష్టం, మధ్యలో అన్ని ఉల్లిపాయలున్నాయి.

"నీకెందుకు అంత పట్టుదల ఆ ఉత్తరం మీద?"

"నాకొక చెల్లెలుంది" అంది వంటమ్మ. "మా అమ్మ పోతే నాకు కబురు చెయ్యలేదు. అంతా అయిపోయి, మట్టి వేసి, మూడో రోజు చెప్పింది. ఆ మూడు రోజులూ నేనిక్కడ కూరలు తరుగుతూ, మీ పాత మదర్ తో జోకులేస్తూ ఉన్నాను. తొమ్మిదేళ్ళయింది. ఇవాల్టి వరకు తప్పయిందని అనలేదది. ఎల్లుండి దానికి ఆపరేషను. రమ్మని కూడా అనలేదు."

మదర్ కొంత అందుకుంది, కొంత అందుకోలేదు. "మళ్ళీ చెప్పు" అంది. వంటమ్మ మళ్ళీ చెప్పింది. తొమ్మిదేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి ఒకే సాయంత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

గురువారం మూడింటికి మదర్ నల్ల అట్ట పుస్తకం పట్టుకుని వచ్చింది. ముక్కాలిపీట మీద కూర్చుని కళ్ళజోడు సర్దుకుంది. వంటమ్మ పాలకూర ముందేసుకుంది. కోస్తే చప్పుడు చెయ్యని కూర అదొక్కటే.

మదర్ చదవడం మొదలుపెట్టగానే వంటమ్మ ఉలిక్కిపడింది. తన గొంతు తనకు వినపడని మనిషి కదా, సంతలో అరిచినట్టు చదువుతోంది. వంటమ్మ వద్దనలేదు. ఎవరు వింటే ఏం?

"'నీ గుమ్మం దాకా వాళ్ళు రావాలని నువ్వు కూర్చున్నావు. వాళ్ళూ తమ గుమ్మంలో అలాగే కూర్చున్నారు. మధ్య దారిలో గడ్డి మొలిచిపోయింది. చెల్లీ, గడ్డి తొక్కడానికి మనసు నిండా క్షమ ఉండనక్కర్లేదు, కాళ్ళుంటే చాలు. ముందు కాళ్ళను పంపు. మనసు బండెడు సామాను వేసుకుని మెల్లగా వెనకాల వస్తుంది. రాకపోతే రాలేదని నాకు రాయి.'"

మదర్ పేజీలో వేలు పెట్టి ఆగింది. వంటమ్మ పాలకూర పక్కకు నెట్టింది.

"అంతేనా?"

"ఇంకో పేజీ ఉంది. కానీ జవాబు ఇదే."

"ఇదేం జవాబండీ!" వంటమ్మకు కోపం వచ్చింది. "ఆయనకేం, గుహలో కూర్చుని రాస్తాడు. గడ్డి ఆయన తొక్కాలా? కాళ్ళు నావి. పైగా ఆయన చెల్లెలు బుద్ధిమంతురాలు, అడిగి తెలుసుకుంటోంది. నా చెల్లెల్ని ఒక పూట ఆ గుహలో పెట్టి చూడమనండి, మర్నాడు ఈయనే గుహ ఖాళీ చేసి పోతాడు."

మదర్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. "ఏమిటి? ఇటు తిరిగి చెప్పు."

వంటమ్మ లేచి, బల్ల చుట్టూ తిరిగి, ఎడమచెవి వైపు వచ్చి, మొత్తం మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. మదర్ అంతా విన్నది. విని, పుస్తకం మూసి, "నేను కూడా నలభై ఏళ్ళ కింద ఇదే పోట్లాట పెట్టుకున్నాను ఆయనతో" అంది. "గెలవలేకపోయాను."

వంటమ్మ పాలకూర అంతా కోసి గిన్నెలో వేసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"రేపు పొద్దున వెళ్తాను. వంట ఏడింటికల్లా చేసి పెట్టేస్తాను. కానీ మీరూ నాతో రావాలి."

"నేనా? మీ అక్కచెల్లెళ్ళ మధ్య నేనెందుకు?"

"నా చెల్లెలి కోసం కాదు. అదే ఆసుపత్రిలో కింది అంతస్తులో చెవుల డాక్టరున్నాడు."

మదర్ మొహం బిగుసుకుంది. "నా సంగతి వేరు."

"ఏం వేరు? ముందు కాళ్ళను పంపమన్నాడు. మీ పుస్తకమే. మీ జాబితానే."

ఈ మాట మదర్ కు ఒక్కసారికే వినపడింది.

శుక్రవారం ఎనిమిదింటికి ఇద్దరూ బయల్దేరారు. చదివే సిస్టరే వచ్చి గేటు తాళం తీసింది. మదర్ ఆమె ముందు ఆగింది. "నువ్వు గొణగలేదు. నాకే చెవులు పనిచెయ్యడం లేదు. ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. మధ్యాహ్నం అందరికీ ఈ మాట నువ్వే చెప్పు. వచ్చాక నేనూ చెబుతాను."

సిస్టరు మొహంలో ముందు ఆశ్చర్యం, దాని వెనకే ఇంకేదో వచ్చాయి. "నాలుగు నెలలు నేను రోజూ ఏడ్చాను మదర్" అంది మెల్లగా.

"ఏమన్నావు?"

సిస్టరు వంటమ్మ వైపు చూసింది. వంటమ్మ చెప్పమన్నట్టు తలూపింది. సిస్టరు గొంతు పెంచి, అక్షరం అక్షరం విడదీసి, ఆ మాటే మళ్ళీ అంది. మదర్ తల వంచుకుంది. "తప్పు నాది" అంది. గేటు తీశాక సిస్టరు మెడకు చుట్టిన ఉన్ని గుడ్డ సర్దుకుంటూ వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది.

ఆసుపత్రిలో మదర్ ను కింద చెవుల గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి, పిలిచినప్పుడు భుజం తట్టమని పక్కనున్నావిడకు అప్పగించి, వంటమ్మ మెట్లెక్కింది. మూడో అంతస్తుకు వచ్చేసరికి మోకాళ్ళు పట్టేశాయి. కాళ్ళుంటే చాలన్నాడు గానీ మోకాళ్ళ సంగతి ఆయనకేం తెలుసు.

చెల్లెలి కూతురు వసారాలోనే ఉంది. వంటమ్మను చూసి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆపరేషను మొదలైంది, పన్నెండవుతుందన్నారు. ఇద్దరూ గోడకానుకుని కూర్చున్నారు. పిల్ల పొద్దుటినుంచి ఏమీ తినలేదని తెలిసి, వంటమ్మ సంచీలోంచి రొట్టె తీసి తుంచి పెట్టింది. పన్నెండున్నరకు చక్రాల మంచం బయటికొచ్చింది. రెండింటికి గానీ లోపలికి రానివ్వలేదు.

వార్డులో పన్నెండు మంచాలున్నాయి. చెల్లెలు కిటికీ పక్క మంచం మీద ఉంది. పెదవులు ఎండి తెల్లగా పొలుసు కట్టాయి. జుట్టు సగం నెరిసింది. తొమ్మిదేళ్ళ కింద ఒక్క తెల్లవెంట్రుక లేదు. వంటమ్మ వచ్చి నిలబడితే కళ్ళు తెరిచి చూసింది, గుర్తుపట్టింది, మళ్ళీ మూసుకుంది.

"నీళ్ళు" అంది కాసేపటికి.

"సాయంత్రం దాకా తాగించకూడదు. పెదాలు తడపండి చాలు" అంది నర్సు, దూది గిన్నె ఇచ్చి.

వంటమ్మ దూది తడిపి, పిండి, కింది పెదవి మీద అద్దింది, తర్వాత పై పెదవి మీద. చెల్లెలు దూదిని పెదవులతో పట్టుకుని వదల్లేదు. వంటమ్మ లాక్కోలేదు. ఇంకో దూది తడిపింది. అడుగుదామనుకున్నది చాలా ఉంది. ఎందుకు చెప్పలేదు, అమ్మ నా పేరు ఎత్తిందా, చివర్న ఎవరు పక్కనున్నారు. మూడో దూది తడిపింది. రమ్మననిది, వచ్చినందుకు మాత్రం ఏమంటుంది?

అప్పుడు వార్డు తలుపు దగ్గర మదర్ కనిపించింది. చేతిలో డాక్టరు రాసిచ్చిన చీటీ. రెండు వారాల్లో చెవికి పెట్టే మిషను వస్తుందని అందులో ఉంది. మంచాల మధ్య నిటారుగా నడిచొచ్చి, వంటమ్మ చెవి దగ్గరికి వంగి, తాను గుసగుసలాడుతున్నాననుకుంటూ అడిగింది.

"క్షమించావా?"

ఆ మాట వార్డంతా మోగింది. పన్నెండు మంచాల మీద తలలన్నీ ఇటు తిరిగాయి. సూది వేస్తున్న నర్సు చెయ్యి ఆగింది. చెల్లెలి కళ్ళు తెరుచుకున్నాయి, అక్క మొహం మీద ఆగాయి.

చిన్నగా చెబితే మదర్ కు వినపడదు. తలూపి తప్పించుకుంటే అది అబద్ధమవుతుంది. వంటమ్మ తడి దూది చేత్తో పట్టుకునే మదర్ వైపు తిరిగి, గట్టిగా, వార్డు చివరి మంచం దాకా వినపడేలా చెప్పింది.

"ఇంకా లేదండీ! కానీ రేపు కూడా వస్తాను. ఎల్లుండి కూడా వస్తాను!"

మదర్ అర్థమైందన్నట్టు తలూపింది. నర్సు ష్ అంది.

చెల్లెలు పళ్ళు బిగబట్టి, నొప్పికి మొహం చిట్లించి, దుప్పటి కింద కాళ్ళను మెల్లమెల్లగా అవతలికి జరుపుకుంది. మంచం అంచున ఒక మనిషి కూర్చునేంత చోటు అయింది.

వంటమ్మ కూర్చుంది.